వీధి తప్పిన కేక: ఒక నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్ల కేసు

గుంటూరు వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మూడో సంవత్సరం బీటెక్ విద్యార్థులకు నేను కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతాను. ఇది ఒక సెమిస్టర్ మొదట్లో మా ల్యాబ్‌లో బయటపడిన లోపం గురించి, దాన్ని విద్యార్థులు మూడు ల్యాబ్ పూటల్లో పట్టుకున్న తీరు గురించి. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది, దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

వేసవి సెలవులయ్యాక మొదటి ల్యాబ్ రోజు. మొదటి అంతస్తులోని ఆ గదిలో 48 కంప్యూటర్లు ఉన్నాయి, అన్నింటిలోనూ ఉబుంటూ ఆపరేటింగ్ సిస్టమే. విద్యార్థులు తాము రాసిన ప్రోగ్రాములను రెండో అంతస్తులోని సర్వర్‌లో దాచుకోవాలి. గంట గడవకముందే వెనక వరుసలో ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. సర్వర్ తెరుచుకోవడం లేదట. లెక్క తీస్తే పన్నెండు కంప్యూటర్లు. మిగతా 36 నిక్షేపంలా ఉన్నాయి. వింత ఏమిటంటే, ఆ పన్నెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తోంది. సముద్రాలవతల ఉన్న యూట్యూబ్ ఆడుతోంది, నెత్తి మీద అంతస్తులో ఉన్న సర్వర్ మాత్రం అందడం లేదు.

ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి, "పది నిమిషాలివ్వండి మేడం, చూసేస్తాను" అన్నారు. వద్దన్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి కారణం నాకూ తెలియదు. ఆ వరుస వేరే వీల్యాన్‌లో (అవే తీగల మీద విడిగా నడిచే మరో నెట్‌వర్క్‌లో) పడి ఉంటుందని మనసులో ఒక ఊహ కట్టుకున్నాను. అది తప్పని తర్వాత తేలింది. కానీ అంతటి లోపం, అదీ పాఠం మొదలయ్యే వారంలో, అడగకుండా దొరికితే వదులుకోబుద్ధి కాలేదు.

ఎందుకు వదులుకోబుద్ధి కాలేదో కాస్త వివరించాలి. మేం చెప్పే ల్యాబ్ సిలబస్‌లో డేటా మధ్యలో అదనపు బిట్లు చేర్చే బిట్ స్టఫింగ్, తప్పులు పట్టే సీఆర్‌సీ, డైక్‌స్ట్రా పద్ధతిలో దగ్గరి దారి లెక్క, ఇవన్నీ సీ భాషలో రాయాల్సిన ప్రోగ్రాములు. మంచి ప్రోగ్రాములే. అయితే సెమిస్టర్ అంతా అవి రాసి, నూటికి తొంభై తెచ్చుకున్న విద్యార్థి కూడా ఒక్క ప్యాకెట్‌నైనా (నెట్‌వర్క్‌లో డేటా ప్రయాణించే చిన్న మూటనైనా) కళ్లారా చూడకుండా బయటికి వెళ్లిపోవచ్చు. నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ అప్పజెబుతారు. 1984లో ప్రామాణికమైన ఆ నమూనాను రెండు మార్కుల ప్రశ్నగా, పది మార్కుల ప్రశ్నగా ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాం. ఏ, బీ, సీ తరగతుల ఐపీ అడ్రసుల (నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఉండే అంకెల చిరునామాల) హద్దులూ కంఠస్థమే. 1993లోనే హద్దును ఎక్కడైనా పెట్టుకోనిచ్చే సీఐడీఆర్ పద్ధతి వచ్చి ఆ తరగతులను పక్కన పెట్టేసిందన్న సంగతి మాత్రం చాలామంది నోట వినను.

మొదటి పూట వాళ్లను వాళ్ల దారిన వదిలేశాను. ముందు కంప్యూటర్లు ఆపి మళ్లీ వేశారు. బ్రౌజర్ మార్చారు. పాత ఫైళ్లు తుడిచారు. ఒంగోలు నుంచి వచ్చే ఒక అబ్బాయి కేబుల్ పీకి, ముందు వరుసలో పనిచేస్తున్న కంప్యూటర్ కేబుల్ తెచ్చి పెట్టాడు. ఫలితం లేదు. ఆ పని ఎంత గొప్పదో అతనికి తెలియదు. ఆ ఒక్క మార్పుతో కేబుల్, కేబుళ్లన్నీ చేరే స్విచ్‌లోని పోర్టు, వాటితోపాటు నా వీల్యాన్ ఊహ, మూడూ నిర్దోషులుగా తేలిపోయాయి. కానీ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అరగంటలో మరో ఇద్దరు అదే కేబుల్ ప్రయోగాన్ని మళ్లీ మొదటినుంచి చేశారు.

చివరికి ఒక తీర్పు ఖాయం చేశారు: సర్వరే మన వరుసను అడ్డుకుంటోంది. దానికి సాక్ష్యం కూడా చూపించారు. ఒకరు పై అంతస్తుకు వెళ్లి సర్వర్ మీంచి వెనక వరుస కంప్యూటర్‌కు పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) కొడితే జవాబు రాలేదు. రెండు వైపులా మూసుకుపోయింది కాబట్టి సర్వర్‌దే తప్పని వాదన. వినడానికి బాగుంది. నేను అవుననలేదు, కాదనలేదు.

పూట ముగిసే ముందు ఒక్కటే అడిగాను. "పింగ్ కొడితే తెర మీద ఏం వచ్చింది? ఉన్నది ఉన్నట్టు చదవండి."

"హోస్ట్ అన్‌రీచబుల్ అని వచ్చింది మేడం."

"వరుస మొత్తం చదువమ్మా."

వెనక వరుసలో కూర్చునే ఆ అమ్మాయి మొదటినుంచి చదివింది. 10.20.5.37 నుంచి వచ్చిన కబురు, గమ్యం అందడం లేదు అని దాని అర్థం. సర్వర్ అడ్రసు 10.20.6.10. "మరి 10.20.5.37 ఎవరిది?" అన్నాను. కాసేపు ఎవరూ పలకలేదు. ఆ అమ్మాయే తన తెర మీద సెట్టింగులు తెరిచి చూసి, "ఇది నా కంప్యూటరే మేడం" అంది.

ఈ కేసు మలుపు తిరిగింది అక్కడే. గమ్యం అందడం లేదని చెప్పింది సర్వర్ కాదు, నెట్‌వర్క్‌ల మధ్య ప్యాకెట్లను చేరవేసే రౌటరూ కాదు. సొంత కంప్యూటరే తనకు తాను చెప్పుకుంటోంది. అంటే ప్యాకెట్ గడప దాటనే లేదు. అదే కబురు గేట్‌వే (బయటికి వెళ్లే దారిలోని మొదటి రౌటర్) అడ్రసు నుంచి వచ్చి ఉంటే కథ వేరు: ప్యాకెట్ రౌటర్ దాకా వెళ్లింది, ఆపైన దానికి దారి తెలియలేదు లేదా గమ్యం పలకలేదు అని అర్థమయ్యేది. ఏ కబురూ రాకుండా మౌనంగా ఉంటే అది ఇంకో కథ. తెర మీద కనిపించే మూడు రకాల వైఫల్యాలకూ మా పిల్లలు పెట్టుకున్న పేరు ఒక్కటే: పింగ్ రావడం లేదు. పింగ్‌ను ప్రోగ్రామర్ మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసింది కూడా ఇలాంటి తలనొప్పితోనే, ఒక నెట్‌వర్క్ అర్థంకాకుండా ప్రవర్తిస్తుంటే దాని గుట్టు తెలుసుకోవడానికి. పనిచేస్తోందా లేదా అని మాత్రమే చూసి వదిలేస్తే ఆ పనిముట్టులో సగం వృథా.

రెండో పూటకు వచ్చేసరికి వాళ్ల నడక మారింది. ఆ అమ్మాయి ఇంకొకటి కూడా గమనించింది. పింగ్ కొట్టాక మూడు సెకన్లు తెర ఖాళీగా ఉంటోంది, ఆ తర్వాత వరుసలు ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయి. "ఆ మూడు సెకన్లూ కంప్యూటర్ ఏం చేస్తోంది మేడం?" అని అడిగింది. నా ఉద్యోగ జీవితంలో విద్యార్థులు అడిగిన మంచి ప్రశ్నలు పది ఏరమంటే అందులో ఇది ఉంటుంది. జవాబు చెప్పకుండా, వచ్చీపోయే ప్యాకెట్లను తెర మీద చూపించే వైర్‌షార్క్ తెరవమన్నాను.

సెకనుకొకటి చొప్పున మూడు ఏఆర్‌పీ ప్రశ్నలు (ఈ ఐపీ అడ్రసు ఎవరిదని అందరినీ అడిగేవి) కనిపించాయి. "10.20.6.10 ఎవరు? 10.20.5.37కు చెప్పండి." అని మూడు సార్లు. ఎవరూ బదులివ్వలేదు. ముందు వరుసలో వైర్‌షార్క్ తెరిచిన మరో విద్యార్థి, "ఆ కేక నాకూ వినిపిస్తోంది మేడం" అన్నాడు. వినిపిస్తుంది మరి, అది గది మొత్తానికీ వేసిన కేక.

1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 826 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో పుట్టిన ఏఆర్‌పీని, దాని పక్కనుండే నియమాలనూ మన ఊరి భాషలోకి దించితే ఇంతే: నీ వీధిలో ఉండే మనిషితో పనిబడితే అరుగు మీద నిలబడి కేకేస్తావు, ఆ మనిషి పలుకుతాడు. పొరుగూరి మనిషైతే కేకేసి లాభం లేదు, ఉత్తరం రాసి తపాలా డబ్బాలో వేయాలి. ఆ డబ్బాయే గేట్‌వే. ఎవరిని కేకేయాలి, ఎవరికి ఉత్తరం రాయాలి అన్నది తేల్చేది సబ్‌నెట్ మాస్క్. వీధి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్న హద్దు అది. పోలిక ఇక్కడివరకే పనికొస్తుంది. ఇంకా సాగదీస్తే రౌటర్‌కు ప్రతి వీధిలోనూ ఒక ఇల్లు ఉండాలి, అక్కడ పోలిక చిరిగిపోతుంది.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. సర్వర్ ఉన్నది వేరే వీధిలో. దాన్ని ఈ కంప్యూటర్ తన వీధి మనిషి అనుకుని ఎందుకు కేకేస్తోంది? పనిచేసే కంప్యూటర్, పనిచేయని కంప్యూటర్ సెట్టింగులు పక్కపక్కన రాయమన్నాను. మొదటి పూటలోనూ పోల్చారట. అడ్రసులు చూశారు, గేట్‌వే చూశారు. మాస్క్ చూడలేదా అంటే, "255తో మొదలైంది కదా మేడం, సరిగ్గానే ఉందనుకున్నాం" అన్నారు. పనిచేసేదానిలో 255.255.255.0. పనిచేయనిదానిలో 255.255.0.0.

అప్పుడు కీబోర్డులు వదిలి పెన్నులు తీయమన్నాను. సర్వర్ అడ్రసు 10.20.6.10ని, మాస్క్ 255.255.0.0తో బిట్టు బిట్టుగా యాండ్ చేస్తే (రెండింటిలోనూ 1 ఉన్నచోటే 1 ఉంచితే) వచ్చేది 10.20.0.0. సొంత అడ్రసు 10.20.5.37ను అదే మాస్క్‌తో యాండ్ చేసినా 10.20.0.0. రెండూ ఒకటే కాబట్టి కంప్యూటర్ దృష్టిలో సర్వర్ తన వీధిలోనే ఉంది. కాబట్టి కేక. సరైన మాస్క్‌తో చేస్తే ఒకటి 10.20.6.0, రెండోది 10.20.5.0. వేర్వేరు వీధులు. కాబట్టి గేట్‌వే. యూట్యూబ్ ఎందుకు వస్తోందో కూడా ఈ లెక్కలోనే ఉంది: దాని అడ్రసు 10.20తో మొదలవదు, కాబట్టి మాస్క్ తప్పయినా ఒప్పయినా ప్యాకెట్ గేట్‌వేకే వెళుతుంది.

సబ్‌నెట్టింగ్ లెక్కలు, అంటే నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్కలు, వాళ్లకు కొత్తకాదు. 200 హోస్టులను (కంప్యూటర్లను) నాలుగు సబ్‌నెట్లుగా విడగొట్టమంటే క్షణాల్లో విడగొడతారు. కానీ ఆ యాండ్ లెక్కను ప్రతి కంప్యూటరూ తాను పంపే ప్యాకెట్ల విషయంలో చేస్తోందని, దాన్నిబట్టే తర్వాతి అడుగు తేలుతోందని వాళ్లెప్పుడూ అనుకోలేదు. అది పరీక్షలో అడిగే లెక్క, అంతే. ఆ మాటను ఒక విద్యార్థి నాతో కాస్త సిగ్గుపడుతూ అన్నాడు. నిజానికి సిగ్గుపడాల్సింది ఆ లెక్కను అలా చెప్పినవాళ్లం.

సర్వర్ వైపు నుంచి పింగ్ ఎందుకు రాలేదన్నదీ అదే పూట తేలింది. సర్వర్ మాస్క్ సరిగ్గానే ఉంది, అది పద్ధతిగా రౌటర్‌కు ఇచ్చింది, రౌటర్ వెనక వరుసకు చేర్చింది. వైర్‌షార్క్‌లో ఆ పింగ్ వచ్చి చేరడం స్పష్టంగా కనబడింది. జవాబివ్వాల్సి వచ్చేసరికి ఈ కంప్యూటర్ మళ్లీ వీధిలో కేకేసి, బదులు రాక ఊరుకుంది. సర్వర్ అడ్డుకుంటోందన్న వాదన అక్కడితో కూలిపోయింది. వెళ్లే దారి, వచ్చే దారి రెండు వేర్వేరు నిర్ణయాలు. పాఠంలో ఈ ఒక్క వాక్యాన్ని నేను ఏటా చెబుతాను. దానికి రుజువు ఇంత చక్కగా ఎన్నడూ దొరకలేదు.

మాస్క్ మార్చగానే సర్వర్ తెరుచుకుంది. చప్పట్లు కొట్టారు. ల్యాబ్ అసిస్టెంట్ పదకొండు కంప్యూటర్లకు మార్చి, నా మాట మీద ఒకదాన్ని, 10.20.5.37 అడ్రసున్న ఆ 37ను, అలాగే ఉంచారు.

చాలామంది దృష్టిలో కేసు అక్కడ ముగిసింది. ఒంగోలు అబ్బాయికి మాత్రం ముగియలేదు. "మేడం, ఈ పన్నెండు కంప్యూటర్లు నిరుడు కూడా ఇక్కడే ఉన్నాయి కదా. మా సీనియర్లు వీటి మీదే సర్వర్ వాడారు. మాస్క్ అప్పుడు సరిగ్గా ఉండి, సెలవుల్లో ఎవరైనా మార్చారా?" అన్నాడు. ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగితే ఎవరూ ముట్టుకోలేదన్నారు. ఒక ప్రాజెక్టు కోసం మూడేళ్ల కిందట ఆ వరుసకు చేత్తో స్థిరమైన అడ్రసులు ఇచ్చారట, అప్పటి మాస్కే అది. మిగతా 36కు అడ్రసు, మాస్క్ దానంతటదే పంచే డీహెచ్‌సీపీ ఇస్తుంది కాబట్టి అవి సరిగ్గా ఉన్నాయి. అంటే తప్పు మాస్క్ మూడేళ్లుగా అక్కడే ఉంది. మూడేళ్లూ అంతా పనిచేసింది. ఇప్పుడే ఎందుకు ఆగిపోయింది?

మూడో పూటంతా ఈ ప్రశ్నకే పోయింది. సెలవుల్లో ఏం మారిందని ఆరా తీస్తే ఒకటే తేలింది: పాత రౌటర్ తీసేసి కొత్త లేయర్ 3 స్విచ్ (రౌటర్ పని కూడా చేసే స్విచ్) పెట్టారు. కొత్తది చెడ్డదా? దాని సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాతదాన్ని చూద్దామంటే అది అప్పటికే లేదు. పాత స్థితికి సాక్ష్యం ఏమైనా మిగిలి ఉందా అని అందరం తలలు పట్టుకుంటే, బీరువాలో నిరుటి బ్యాచ్ ల్యాబ్ రికార్డులున్నాయని ఒకరికి గుర్తొచ్చింది. ఏఆర్‌పీ పట్టిక (కేకలకు వచ్చిన జవాబులను కంప్యూటర్ దాచుకునే జాబితా) చూసి ప్రింటు తీసి అతికించడం నిరుడు ఒక ప్రయోగం.

దుమ్ము దులిపి ముప్పై రికార్డులు తిరగేశారు. వెనక వరుసలో కూర్చుని చేసిన ఒక విద్యార్థిని రికార్డులో ఆ ప్రింటు దొరికింది. పట్టికలో గేట్‌వే 10.20.5.1కి ఒక మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత చిరునామా). సర్వర్ 10.20.6.10కి ఒక మ్యాక్ అడ్రసు. రెండూ ఒకటే. ఒక్క అంకె తేడా లేదు.

రెండు ఐపీ అడ్రసులకు ఒకే మ్యాక్ అడ్రసు అంటే, సర్వర్ ఎవరని ఈ కంప్యూటర్ కేకేసినప్పుడు రౌటర్ "నేనే" అని పలికిందన్నమాట. దీనికి ప్రాక్సీ ఏఆర్‌పీ అని పేరు. 1985లో ఆర్‌ఎఫ్‌సీ 950తో సబ్‌నెట్లు వచ్చినప్పుడు, వాటి సంగతి తెలియని పాత కంప్యూటర్లు అన్నిటికీ కేకలేసేవి. వాటిని మార్చకుండా పని జరగడానికి, వాటి తరఫున రౌటరే పలికి ప్యాకెట్‌ను అవతలికి చేరవేసే ఉపాయాన్ని 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1027 వివరించింది. సిస్కో కంపెనీ రౌటర్లలో ఇది ఎవరూ అడగకుండానే ఆన్ అయి ఉండటం చాలాకాలంగా ఉన్న అలవాటు. మా పాత రౌటర్ కూడా మూడేళ్లు ఆ మేలు చేసింది. కొత్తదానిలో అది ఆఫ్‌లో ఉంది. పాత రౌటర్ మంచితనం మా తప్పును కప్పిపెట్టింది, కొత్తది మొహమాటం లేకుండా బయటపెట్టింది.

ఊహను ఊహగా వదలకూడదని, ల్యాబ్ అసిస్టెంట్ చేత కొత్త స్విచ్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీని పది నిమిషాలు ఆన్ చేయించాం. తప్పు మాస్క్‌తోనే ఉన్న 37లో సర్వర్ టక్కున తెరుచుకుంది. ఆఫ్ చేశాక కూడా ఇంకా తెరుచుకుంటూనే ఉంటే, సిద్ధాంతం తప్పేమోనని పిల్లల మొహాలు వాడిపోయాయి. "పట్టిక చూడండి" అన్నాను. పాత జవాబు ఏఆర్‌పీ పట్టికలో ఇంకా కూర్చుని ఉంది. ఆ వరుస చెరిపేశారు. ఆగిపోయింది.

ఇక నా తప్పు. ఆ రికార్డులో ప్రింటు కింద ఎర్ర సిరాతో ఒక సంతకం, తేదీ, పదికి తొమ్మిది మార్కులు ఉన్నాయి. సంతకం నాదే. రెండు అడ్రసులకు ఒకే మ్యాక్ ఉన్న పట్టిక నా కళ్ల ముందు నుంచి పోయింది, నేను మార్కులు వేసి పేజీ తిప్పేశాను. ఆ విద్యార్థిని కింద రాసిన ముగింపు "ఏఆర్‌పీ పట్టికను విజయవంతంగా పరిశీలించాము" అని. నిజంగా పరిశీలించింది ఆమె కాదు, నేనూ కాదు. ఈ సంగతి క్లాసులో చెప్పాను. చెప్పకపోతే బాగుండేదని మా విభాగంలో ఒకరిద్దరు అన్నారు, ఆ మాటతో నేను ఏకీభవించను.

ఆ సెమిస్టర్‌లో కొన్ని మార్చాను. ఏడు పొరల బదులు ముందుగా రెండు పట్టికలు చూపించాను, దారుల పట్టిక, ఏఆర్‌పీ పట్టిక. ఏ లోపం వచ్చినా కీబోర్డు ముట్టుకునే ముందు కాగితం మీద మూడింటికి జవాబు రాయాలన్నాను: ఇప్పుడు నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఏ పట్టిక చూసి తీసుకుంటున్నారు, తర్వాతి మజిలీ ఎవరు. రికార్డులో ఏ ప్రింటు అతికించినా అందులో తాము గమనించిన ఒక విషయాన్ని సొంత మాటల్లో రాయకపోతే సంతకం లేదు. దీనికి మూల్యం ఉంది. రెండు ప్రోగ్రాములను ఇంటిపనిగా ఇవ్వాల్సి వచ్చింది, భౌతిక పొరలో మల్టీప్లెక్సింగ్ (ఒకే తీగ మీద అనేక సంకేతాలు పంపడం) పాఠాన్ని ఆదరాబాదరాగా ముగించాను. చివరి పరీక్షలో మళ్లీ ఏడు పొరలే అడిగారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. వైవాలో మాత్రం వచ్చింది. నిర్వచనం అడిగితే తడబడిన విద్యార్థి కూడా, ప్యాకెట్‌ను చేతికిచ్చి నడిపించమంటే నడిపించాడు.

పద్ధతి అన్నిచోట్లా పారలేదు. డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే టీసీపీ దగ్గర బోల్తా పడింది. డౌన్‌లోడ్ నత్తనడక నడుస్తోందంటే పిల్లలు బుద్ధిగా ఆ మూడు ప్రశ్నలకూ జవాబులు రాశారు, జవాబులన్నీ సరైనవే, లోపం మాత్రం దొరకలేదు. అప్పుడు వాళ్లకు 1986 నాటి సంగతి చెప్పాను. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ ఏడాది అక్టోబరులో వాటి మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. పరిశోధకుడు వ్యాన్ జేకబ్సన్ అక్కడ వెతికింది దారుల పట్టికలో కాదు. వరుసల్లో పోగుపడిన ప్యాకెట్లను, పోయాయనుకుని అతిగా తిరిగి పంపుతున్న కంప్యూటర్లను చూశాడు. అది కాలానికి సంబంధించిన లోపం. దానికి నా మూడు ప్రశ్నలు చాలవు. నాలుగోది ఏం కావాలో ఇంకా వెతుకుతున్నాను. 'ఎవరు ఎంతసేపు ఆగారు' అన్నదాన్ని ప్రస్తుతానికి వాడి చూస్తున్నాను.

37ను తప్పు మాస్క్‌తోనే ఉంచాం. మీద చీటీ ఏమీ అంటించలేదు. ప్రతి కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని, సర్వర్ రావడం లేదని చెయ్యెత్తుతారు. ఈ ఏడు ఎవరూ ఎత్తలేదు. మూడో వారంలో అనుమానం వచ్చి చూస్తే మాస్క్ 255.255.255.0 అయి ఉంది. ల్యాబ్ లాగ్‌బుక్ తెరిచాను. మొదటి వారం తేదీ కింద పెన్సిల్‌తో: "37లో మాస్క్ మార్చాను. కారణం కింద రాశాను." కింద రెండు యాండ్ లెక్కలు, అన్నీ బిట్లలో. మూడో ఆక్టెట్‌లో (ఎనిమిది బిట్ల ముక్కలో) 6ను 00000111 అని రాశాడు. నిర్ణయం మాత్రం సరైనదే, 7 అయినా 5 కాదు కదా. ఎర్ర పెన్ను తీసి ఆ చివరి ఒకటి చుట్టూ సున్నా చుట్టి, మాస్క్‌ను మళ్లీ 255.255.0.0 చేశాను.